క్షురధార – హస్తలాఘవం: తెలుగునాట మంగలికత్తి విద్యాభ్యాస చరిత్ర
(పర్ణశాల – భద్రాచల ప్రాంత నేపథ్యంలో)

వ్యాససంగ్రహం

మంగలికత్తితో గడ్డం, తల గొరగడం తెలుగు సమాజంలో శతాబ్దాలుగా గురువు చేతి నుంచి శిష్యుడి చేతికి సంక్రమించిన విద్య. దానికి తెలుగులో బోధనగ్రంథం లేదు. అయినా ఆ విద్యను ఎలా నేర్చేవారో, నేర్పరితనాన్ని సమాజం దేనితో కొలిచేదో చెప్పే ఆధారాలు ఇతిహాసంలో, వైద్యశాస్త్రంలో, సామెతల్లో, నిఘంటుపదాల్లో, క్రియారూపాల్లో నిలిచి ఉన్నాయి. ఆ ఆధారాలను ఒకచోట చేర్చి, క్షురవిద్యలో ప్రధానమైన పాఠం కత్తిని గురించినది కాదని, ఎదుటి మనిషి చర్మం పట్ల వహించవలసిన బాధ్యతను గురించినదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మంగలికత్తి, పొది, అడపం, వాదర, యోగ్య, తలనీలాలు, వృత్తిపదజాలం, పర్ణశాల.

1. ఉపోద్ఘాతం

భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఎడమ ఒడ్డున, దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల ఉంది. సీతారామలక్ష్మణులు వనవాసకాలంలో ఆకులతో కుటీరం కట్టుకొని నివసించిన చోటు ఇదేనని స్థానికుల విశ్వాసం. సీతమ్మ నారచీరలు ఆరవేసిన గుర్తులని రాతి మీది చారలను, ఆమె పేరుతోనే పిలిచే వాగును యాత్రికులకు చూపుతారు. భద్రాచలంలో దైవదర్శనం చేసుకొన్నవారు పర్ణశాలను కూడా చూసి రావడం ఆనవాయితీ.

ఈ యాత్రలో ఒక వైరుధ్యం ఉంది. పర్ణశాల జటలు ధరించిన రాముడి స్థలం. భద్రాచలం పట్టాభిరాముడి స్థలం. భద్రాచలంలో మొక్కుబడి ఉన్న భక్తులు గోదావరి చెంత తలనీలాలు సమర్పిస్తారు. ఆ తరువాత కత్తి తాకని జటల కథ చెప్పే పర్ణశాలకు వెళ్తారు. కేశాలను పెంచడం, తీయించడం అనే రెండు వ్రతాలు ఒకే నది ఒడ్డున, ఒకే యాత్రలో కలుస్తున్నాయి. ఈ రెండింటి నడుమ నిలిచినది మంగలికత్తి పట్టిన చేయి. రామకథను, క్షేత్రమాహాత్మ్యాన్ని, కీర్తనలను విస్తారంగా పరిశీలించిన తెలుగు పరిశోధన ఆ చేతి వైపు అంతగా చూడలేదు. ఆ చేయి తన విద్యను ఎలా నేర్చిందన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

ఒక పదం గురించి ముందే చెప్పడం అవసరం. ‘మంగలి’ అనే మాట నిఘంటువుల్లో, సామెతల్లో వృత్తినామంగా ఉన్నది. కాలక్రమంలో దాన్ని నిందగా వాడినవారు ఉండడం వల్ల ఆ వృత్తిదారులు నాయీబ్రాహ్మణులు అనే పేరును ఎంచుకొన్నారు. ఇక్కడ మనుషులను ఆ పేరుతోనూ, పనిముట్లను, సామెతలను నిఘంటువుల్లో ఉన్న రూపంతోనూ పేర్కొనడం జరిగింది.

2. జటలు, సుఖహస్తులు: ఇతిహాస సాక్ష్యం

వాల్మీకి రామాయణంలో రాముడి వనవాసం కేశాలతో మొదలై కేశాలతో ముగుస్తుంది. అయోధ్యాకాండలో గంగాతీరాన గుహుడు తెచ్చిన మర్రిపాలతో రామలక్ష్మణులు జటలు కట్టుకొంటారు. రాజకుమారులు వనవాసులుగా మారారనడానికి నారచీరల తరువాత అదే రెండవ గుర్తు. యుద్ధకాండ చివర, పట్టాభిషేకానికి ముందు, శత్రుఘ్నుడి మాట మీద క్షురకర్మ నిపుణులు వస్తారు. మొదట భరతుడు, లక్ష్మణుడు, సుగ్రీవుడు, విభీషణుడు స్నానాలు ముగిస్తారు. ఆ తరువాత రాముడి జటలను విప్పి శుభ్రపరిచి, స్నానం చేయించి, అలంకరిస్తారు. పద్నాలుగేళ్ల వ్రతం ముగిసిందని లోకానికి ముందుగా తెలిపినది కిరీటం కాదు, క్షురకుల చేయి.

ఆ నిపుణులకు వాల్మీకి వాడిన విశేషణాలు ఈ చర్చకు కీలకమైనవి. వారు నేర్పరులు, సుఖహస్తులు, త్వరగా పని ముగించేవారు. ఇందులో ‘సుఖహస్తులు’ అన్న మాట దగ్గర ఆగాలి. వారి చేయి తాకితే ఎదుటివారికి సుఖంగా ఉంటుందని దాని భావం. కత్తి పదునును గాని, దాని లోహాన్ని గాని కవి పొగడలేదు. నైపుణ్యానికి కొలమానం పనివాడి వద్ద లేదు, పని చేయించుకొనేవాడి అనుభవంలో ఉంది. తెలుగులో మంచి వైద్యుడిని గురించి ‘హస్తవాసి గలవాడు’ అనడం, ఆరితేరిన పనివాడిని ‘చేయి తిరిగినవాడు’ అనడం ఈ భావానికి దగ్గరివే. చేయి తిరగాలంటే కాలం పడుతుంది. ఆ కాలం ఎలా గడుస్తుందో ఇతిహాసం చెప్పదు. దానికి వైద్యశాస్త్రం వైపు చూడాలి.

3. యోగ్య: చేతికి పాఠం చెప్పిన శాస్త్రం

పదునైన పనిముట్టును కొత్త చేతికి ఎలా అలవాటు చేయాలనే ప్రశ్నకు భారతీయ వాఙ్మయంలో స్పష్టమైన సమాధానం సుశ్రుతసంహితలో దొరుకుతుంది. సూత్రస్థానంలోని తొమ్మిదవ అధ్యాయం పేరు యోగ్యాసూత్రీయం. ‘యోగ్య’ అంటే చేతి అభ్యాసం. శాస్త్రం ఎంత చదివినా అభ్యాసం లేనివాడు పనికి అర్హుడు కాడని ఆ అధ్యాయం స్పష్టం చేస్తుంది. కోయడాన్ని గుమ్మడి, సొర, దోస వంటి కాయల మీద నేర్చుకోవాలి. చీల్చడాన్ని నీరు, బురద నింపిన తోలుతిత్తుల మీద నేర్చుకోవాలి. గీకడాన్ని వెంట్రుకలున్న చర్మం మీద నేర్చుకోవాలి. చివరి నియమం క్షురవిద్యకు అతి సమీపమైనది. బతికున్న మనిషి చర్మాన్ని తాకే ముందు మృతచర్మం మీద చేయి తిరగాలన్న నియమం అది.

అంతకు ముందరి అధ్యాయంలో శస్త్రాల వాదరకు కొలతలున్నాయి. చీల్చే శస్త్రాలకు చిరుసెనగ పప్పు మందం, గీకే శస్త్రాలకు అందులో సగం, గుచ్చేవాటికి వెంట్రుక మందం, కోసేవాటికి వెంట్రుకలో సగం మందం ఉండాలి. నూరడానికి మినుముల రంగు గల నున్నని రాయి కావాలి. నూరిన వాదరను నిలపడానికి బూరుగుచెక్క పలక కావాలి. వెంట్రుకను తెగగోయగలిగినప్పుడే శస్త్రం పనికి సిద్ధమైనట్లు. రాయి మీద నూరడం, మెత్తని ఉపరితలం మీద వాదరను నిలపడం, వెంట్రుకతో పరీక్షించడం అనే ఈ మూడు మెట్లు మంగలికత్తి విషయంలో కూడా అలాగే ఉన్నాయి. బూరుగుపలక స్థానంలో తోలుపట్టీ వచ్చింది, అంతే తేడా.

అయితే వైద్యుడి యోగ్యకు గ్రంథం ఉంది, క్షురకుడి యోగ్యకు లేదు. గ్రంథం లేకపోవడం విద్య లేకపోవడం కాదు. అక్షరానికి దూరంగా ఉంచిన వృత్తుల వారు తమ శాస్త్రాన్ని మాటల్లో, చేతల్లో దాచుకొన్నారు. ఆ మాటలను ఇప్పుడు పరిశీలించవచ్చు.

4. పొది, అడపం, వాదర: పనిముట్ల పదజాలం

క్షురకుడికి అమరకోశం ఇచ్చిన పర్యాయపదాల్లో క్షురి, ముండి, దివాకీర్తి, నాపితుడు ఉన్నాయి. దివాకీర్తి అన్న మాటకు పగటివేళ పేరు పలుకదగినవాడని అవయవార్థం. రాత్రివేళ క్షౌరం కూడదన్న ఆచారంతో ఈ పేరుకు పొత్తు కుదురుతుంది. దీపపు వెలుతురులో వెంట్రుక వాలు, చర్మపు ముడత సరిగా కనబడవు. అందువల్ల నిషేధంగా కనిపించే ఈ ఆచారంలో వృత్తిపరమైన జాగ్రత్త కూడా ఉన్నదని భావించవచ్చు.

పనిముట్లుంచే సంచికి తెలుగులో పొది, అడపం అనే రెండు పేర్లున్నాయి. పొది అన్న మాటను బాణాలకు కూడా వాడతాం. అమ్ములపొది, మంగలిపొది ఒకే పదబంధపు తీరులో ఏర్పడ్డాయి. రెండింటిలోనూ ఉన్నది పదునే. పదునును పదిలంగా ఒరలో ఉంచి, అవసరమైనప్పుడే తీయాలన్న జాగ్రత్త ఆ పేరులో ఉంది. అడపం అన్న మాటకు తమలపాకుల సంచి అనే అర్థం ప్రబంధపాఠకులకు సుపరిచితం. రాజుకు తాంబూలం అందించే స్త్రీ అడపకత్తె. అదే మాట క్షురకుడి సంచికి కూడా చెల్లింది. కన్నడదేశంలో 12వ శతాబ్దపు శివశరణుడు హడపద అప్పణ్ణ బసవేశ్వరుడి తాంబూలపు సంచి మోసిన అనుచరుడిగా ప్రసిద్ధుడు. ఆ ప్రాంతపు క్షురకవృత్తిదారులు ఆయనను తమ మూలపురుషుడిగా కొలుస్తారు. తాంబూలం అందించే చేయి, గడ్డం గీసే చేయి – రెండూ యజమాని ముఖానికి అతి సమీపంగా వెళ్లేవే. విషప్రయోగానికి, కత్తిపోటుకు అవకాశమున్నంత చేరువకు ఎవరిని రానిస్తారన్నది రాచరికంలో చిన్న ప్రశ్న కాదు. అడపం అనే ఒకే మాట ఇద్దరికీ దక్కడం వెనుక ఆ నమ్మకపు ఛాయ ఉన్నదనడం అసంగతం కాదు.

కత్తి పదునైన అంచుకు తెలుగు పేరు వాదర. సంస్కృతంలో ధార. క్షురధార మీద నడక ఎంత కష్టమో జ్ఞానమార్గం అంత కష్టమని కఠోపనిషత్తు పోల్చింది. అది నడిచేవాడి కష్టాన్ని చెప్పిన పోలిక. క్షురకుడి కష్టం వేరు: వాదర మీద తాను నడవడు, వాదరను ఎదుటివాడి కంఠం మీద నడిపిస్తాడు.

ఈ వాదరకు పునాది అయిన లోహం విషయంలో తెలంగాణకు ఒక ప్రత్యేకత ఉంది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం మూసఉక్కుకు పేరుపొందిన కేంద్రం. అక్కడి ఉక్కు పర్షియా వర్తకుల ద్వారా ఖడ్గాలకు ఎగుమతి అయ్యేది. దక్షిణ భారతపు ఈ ఉక్కును ఐరోపా వారు ‘వూట్జ్’ అన్నారు. ఆ మాటకు మూలం ‘ఉక్కు’ అనే దక్షిణాది పదమేనని పండితుల అభిప్రాయం. 1795లో లండన్ రాయల్ సొసైటీ ముందు ఈ ఉక్కు లక్షణాలను జార్జ్ పియర్సన్ వివరించాడు. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు దాని పదునును మెచ్చాడు. తరువాత స్టోడార్టుతో కలిసి మైకేల్ ఫారడే జరిపిన ఉక్కు ప్రయోగాలకు వూట్జ్ పరిశీలనే ప్రేరణల్లో ఒకటి. ఆ ప్రయోగాల ఫలంగా వచ్చిన మిశ్రలోహపు క్షౌరపుకత్తులను ఫారడే మిత్రులకు కానుకగా ఇచ్చాడు. ఇంగ్లండు ప్రయోగశాలలో ఉక్కుకు చరిత్ర ఏర్పడింది. అది పుట్టిన నేల మీద ఆ వాదరను రోజూ నూరిన చేతులకు చరిత్ర ఏర్పడలేదు.

5. అభ్యాసక్రమం

మంగలికత్తి పనితీరును గమనిస్తే దాన్ని నేర్చుకొనే క్రమం ఎందుకు దీర్ఘమైనదో తెలుస్తుంది. వృత్తి ఇంటి విద్యగా సాగిన కాలంలో పిల్లవాడి చేతికి ముందుగా వచ్చేవి నీళ్లగిన్నె, అద్దం. కత్తి చివర వచ్చేది. ఆ క్రమంలో నాలుగు పాఠాలను గుర్తించవచ్చు.

మొదటిది నూరడం. మంగలికత్తికి వెన్ను మందంగా, వాదర పలుచగా ఉంటుంది. రాయి మీద వెన్నును, వాదరను ఏకకాలంలో ఆనించి నూరితే వాదర కోణాన్ని వెన్ను మందమే నిర్ణయిస్తుంది. చేయి ఒకవైపు వాలితే ఆ కోణం చెడుతుంది. రాయి మీద కత్తి వాదర ముందుగా కదలాలి. తోలుపట్టీ మీద వెన్ను ముందుగా, వాదర వెనుకగా కదలాలి. తిరిగేటప్పుడు వెన్ను మీదనే కత్తిని తిప్పాలి. ఈ భేదం మరచిన కొత్తవాడు ముందుగా పట్టీని కోస్తాడు, తరువాత వాదరను మొద్దు చేస్తాడు. కత్తి మొద్దుబారితే గాయం తక్కువవుతుందని కొత్తవారు అనుకొంటారు. నిజానికి మొద్దుకత్తి వెంట్రుకను కోయక లాగుతుంది, చేయి బలం పెంచుతుంది, ఆ బలమే చర్మాన్ని తెంపుతుంది.

రెండవది తడపడం. ఎండిన గడ్డపు వెంట్రుక గట్టిది. గోరువెచ్చని నీటితో కొన్ని నిమిషాలు తడిపితే మెత్తబడుతుంది. సబ్బు అందుబాటులో లేని చోట నీటితో చేసే మర్దనమే ఆ పని చేసేది. ఈ మర్దనంలోనే శిష్యుడి వేళ్లు ఎదుటివాడి ముఖాన్ని చదువుతాయి: వెంట్రుక ఏ వాలుగా పెరిగింది, మొటిమ ఎక్కడుంది, పాతగాటు ఎక్కడుంది. కత్తి తాకకముందే సగం పని వేళ్లు ముగిస్తాయి.

మూడవది చర్మాన్ని బిగించడం. కుడిచేయి కత్తిది, ఎడమచేయి చర్మానిది. వదులుగా ఉన్న చర్మం వాదర ముందు ముడుచుకొని తెగుతుంది. బొటనవేలితో, చూపుడువేలితో చర్మాన్ని లాగి చదును చేసి, కత్తిని సుమారు 30 డిగ్రీల వాలుతో, బరువు మోపకుండా, వెంట్రుక వాలు వెంబడి నడపాలి. కోణం తగ్గితే వెంట్రుక తెగదు. పెరిగితే చర్మం తెగుతుంది. కొత్తవాడి చూపంతా కత్తి పట్టిన చేతి మీదే ఉంటుంది. అసలు నేర్పు ఎడమచేతిలో ఉన్నదని గ్రహించిననాడు అతడు కొత్తవాడు కాడు.

నాలుగవది తలకు, గడ్డానికి గల భేదాన్ని తెలుసుకోవడం. తలపై చర్మం ఎముక మీద సహజంగా బిగువుగా ఉంటుంది గాని వంపులు ఎక్కువ, చెవుల వెనుక గుంటలున్నాయి. గడ్డం కింద చర్మం వదులు, వెంట్రుక వాలు పలువిధాలు, దాని కింద కంఠనాళం. పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు మేనమామ ఒడిలో కూర్చున్న పసివాడు ఏడుస్తాడు, తల తిప్పుతాడు. అప్పుడు కత్తి ఆగాలి. ఎప్పుడు ఆపాలో తెలియడమే ఈ విద్యలో చివరి పాఠం.

నేడు ఇతర దేశాల్లోని క్షౌరశిక్షణాలయాల్లో కొత్తవారికి ఉబ్బించిన బెలూనుకు సబ్బునురుగు పూసి, అది పగలకుండా నురుగును కత్తితో తీయమనే అభ్యాసం ఉంది. సుశ్రుతుడు చెప్పిన తోలుతిత్తికి అది దూరపు బంధువు. ఎక్కడైనా, ఎప్పుడైనా, బతికున్న చర్మానికి ముందు మరొకదాన్ని అడ్డుపెట్టక తప్పలేదు.

ఈ దీర్ఘాభ్యాసానికి తెలుగువారు ఇచ్చిన కితాబు ‘చాకలి కొత్త, మంగలి పాత’ అన్న సామెత. బట్టలు కొత్త చాకలి చేత ఉతికించాలి. క్షౌరం పాత మంగలి చేత చేయించుకోవాలి. కొత్త చాకలి పేరు తెచ్చుకొనే ఉత్సాహంతో తెల్లగా ఉతుకుతాడని, పాత మంగలికి చేయి తిరిగి ఉంటుందని దాని వివరణ. వృత్తులను ఎగతాళి చేసే సామెతలు తెలుగులో కొల్లలు. ఈ సామెత మాత్రం ఎగతాళి కాదు. ఉత్సాహం చాలని పని ఒకటుందని, దానికి ఏళ్లు కావాలని నాలుగు మాటల్లో ఒప్పుకొన్న తీర్పు.

6. క్రియారూపాల సాక్ష్యం

క్షౌరాన్ని చెప్పే తెలుగు క్రియల్లో ఒక చరిత్ర ఇమిడి ఉంది. గొరుగు అనేది మూలక్రియ. దానికి ప్రేరణార్థకం గొరిగించు. దానికి కొను చేరితే గొరిగించుకొను. తెలుగువాడు క్షౌరం గురించి తన విషయంగా చెప్పిన సంప్రదాయరూపం ఇదే. క్షవరం చేయించుకొను, తలనీలాలు తీయించుకొను వంటివి కూడా ఈ అచ్చులోనివే. ఈ రూపంలో ఇద్దరు మనుషులున్నారు: చేసేవాడు ‘ఇంచు’లో, ఫలం పొందేవాడు ‘కొను’లో. క్షౌరం ఇద్దరు మనుషుల మధ్య జరిగే పని అన్న సంగతి వ్యాకరణంలోనే నిక్షిప్తమై ఉంది.

గడ్డం గీసుకొను అన్న రూపంలో ఒక్కడే ఉన్నాడు. ఇందులోని గీయు అన్న క్రియ సన్నని రేఖ వేయడానికి, తాటిచెట్టు గెలను పలుచగా చెక్కి కల్లు తీయడానికి కూడా వాడుకలో ఉంది. గోదావరి పరిసర గ్రామాల్లో కల్లుగీత, గడ్డంగీత రెండూ పలుచని పొరను తీసే పనులు. మోతాదు మించితే చెట్టుకైనా మనిషికైనా గాయమే. తనకు తాను గడ్డం గీసుకోవడం పెద్దసంఖ్యలో జనానికి అలవాటయ్యాక గీసుకొను అన్న రూపం గొరిగించుకొను స్థానంలోకి వచ్చింది. ఇప్పుడు షేవింగ్ చేసుకొను, షేవింగ్ చేయించుకొను అనే జంట ప్రచారంలో ఉంది. ఆంగ్లపదం స్థిరంగా నిలిచింది. పాత భేదం తెలుగు ప్రత్యయంలో మాత్రం మిగిలింది.

ఆత్మార్థక క్షౌరానికి ఐరోపాలో పుస్తకమే ఉంది. పారిస్‌లో కత్తులు చేసే జాన్ జాక్ పెరే 1769లో, గడ్డాన్ని ఎవరికి వారు గీసుకోవడం నేర్పే గ్రంథం ప్రచురించాడు. చర్మం తెగకుండా అడ్డుపట్టీ ఉన్న కత్తిని కూడా అందులో ప్రతిపాదించాడు. అక్కడ పాఠకుడు, శిష్యుడు, క్షురకుడు, క్షౌరం పొందేవాడు ఒక్కడే. మన దేశంలో ఈ మార్పు ఎలా వచ్చిందో గాంధీ ఆత్మకథలోని ఒక ఘట్టం సూచిస్తుంది. ఇంగ్లండుకు వెళ్లినవారు గడ్డం గీసుకోవడమైనా నేర్చుకొని వస్తారని, జుట్టు కత్తిరించుకోవడం మాత్రం ఎవరూ నేర్వరని ఆయన అంటాడు. ప్రిటోరియాలో తెల్ల క్షురకుడు తనకు జుట్టు కత్తిరించ నిరాకరించినప్పుడు ఆయన తానే కత్తిరించుకొని కోర్టులో నవ్వులపాలయ్యాడు. అంతటితో ఆగక, మన క్షురకులు అంటరానివారని పేరుపెట్టిన సోదరులకు క్షౌరం నిరాకరించడం లేదా అని తనను తాను ప్రశ్నించుకొన్నాడు. క్షౌరం ఇద్దరి మధ్య పని అయినప్పుడు, ఆ ఇద్దరిలో ఎవరు ఎవరిని తాకవచ్చునన్న ప్రశ్న తప్పదు.

క్షౌరక్రియల ఆలంకారిక ప్రయోగాలు కూడా ఇదే దారి చూపుతాయి. మోసగించడాన్ని క్షవరం చేయడమని, గుండు కొట్టడమని అంటారు. ‘క్షవరమైతేగాని వివరం తెలియదు’ అన్నది లోకోక్తి. కళ్లు మూసుకొని కంఠాన్ని అప్పగించిన మనిషికి ద్రోహం జరిగితే దానికి మించిన మోసం లేదన్న ఊహ నుంచే ఈ ప్రయోగాలు పుట్టాయనవచ్చు. నమ్మకం ఉన్న చోటనే మోసానికి మాట పుడుతుంది.

7. మేర, వెట్టి, నిరాకరణ

పర్ణశాల ఉన్న నేల పాలనాచరిత్ర కూడా ఈ వృత్తికి నేపథ్యం. 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా పనిచేసిన కంచెర్ల గోపన్న కాలంలో ఈ ప్రాంతం గోల్కొండ రాజ్యంలోనిది. 1860లో గోదావరి ఎడమ ఒడ్డు నిజాం నుంచి బ్రిటిషు వారి చేతికి వెళ్లింది. 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరింది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. దాదాపు వంద సంవత్సరాలు ఈ నది రెండు పాలనలకు సరిహద్దు. కోస్తా గ్రామవ్యవస్థలో పన్నెండుమంది ఆయగాండ్రలో ఒకడిగా, తెలంగాణ గ్రామవ్యవస్థలో బారాబలుతలో ఒకడిగా క్షురకుడికి స్థానం ఉంది. రెండు చోట్లా అతడికి దక్కేది కోతల కాలంలో కల్లం దగ్గర కొలిచే ధాన్యం.

నగదు లేని ఈ ఏర్పాటులో అభ్యాసానికి అనుకూలమైన అంశం ఒకటి ఉంది. ఇంటింటికీ ఏడాది పొడుగునా అదే కుటుంబం క్షౌరం చేసేది. తండ్రి చేతిని ఎరిగిన ఇళ్లే కొడుకు చేతిని కూడా ఓర్చుకొనేవి. తాత పుట్టువెంట్రుకలు తీసిన ఇంట్లో మనవడు పదోరోజు క్షౌరం చేసేవాడు. పుట్టుక నుంచి చావు దాకా ఒక ఇంటి ముఖాలన్నీ ఆ కుటుంబానికి తెలుసు. ‘పాత’ అన్న సామెత మాటకు ఈ అర్థం కూడా ఉంది.

ఇదే ఏర్పాటులో అణచివేత కూడా ఉంది. నిజాం రాజ్యంలోని వెట్టిచాకిరిలో సేవావృత్తుల వారు దొరల గడీలలో ప్రతిఫలం లేకుండా పనిచేయవలసి వచ్చింది. క్షురకుల విషయంలో క్షౌరంతోపాటు ఒళ్లుపట్టడం కూడా అందులో భాగం. మరోవైపు, ఆ కట్టడినే అనుసరించి దళితులకు క్షౌరం నిరాకరించిన గ్రామాలు తెలుగునేల మీద ఎన్నో ఉన్నాయి. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది; 1955 నాటి చట్టం దాన్ని శిక్షార్హం చేసింది. కోమలమైన స్పర్శను నేర్పిన విద్యే ఎవరిని తాకకూడదో కూడా నేర్పింది. సుఖహస్తాన్ని కీర్తించే పరిశోధన ఈ రెండవ పాఠాన్ని దాచిపెట్టకూడదు. అలాగని తప్పంతా కత్తి పట్టినవాడిదేనని తేల్చకూడదు. ఎవరి గడ్డం గీయాలో నిర్ణయించే అధికారం ఆ ఊరిలో అతడికి లేదు.

8. బ్లేడు రాక, వాదర నుంచి చేయి విడిపోవడం

వాడి పారవేసే పలుచని బ్లేడు గల రేజరుకు కింగ్ జిలెట్ 1904లో అమెరికాలో పేటెంటు పొందాడు. అడ్డుపట్టీ ఉండడం వల్ల కోణాన్ని చేతికి బదులు పనిముట్టే నిర్ణయించింది. పారవేయడం వల్ల నూరే అవసరం తప్పింది. సుమారు 30 డిగ్రీలన్న చేతి జ్ఞానం, నూరుడురాయి జ్ఞానం రెండూ కర్మాగారానికి బదిలీ అయ్యాయి. నిరక్షరాస్యుడైనా, అక్షరాస్యుడైనా, గురువు అవసరం లేకుండా కొద్దిరోజుల్లోనే గడ్డం గీసుకోగలిగాడు. ఇది స్వేచ్ఛ కూడా. క్షౌరం నిరాకరణకు గురైన మనిషికి బ్లేడు ఎంత మేలు చేసిందో మరువకూడదు.

వృత్తిదారుల దుకాణాల్లో పాత కత్తి మరికొంతకాలం నిలిచింది. ఎయిడ్స్ గురించిన అవగాహన ప్రచారాలు ఊపందుకొన్న తరువాత మనిషికో కొత్త బ్లేడు వాడాలన్న నియమం వచ్చింది. పిడి పాతరూపంలోనే ఉంది. వాదర స్థానంలో సగానికి విరిచిన బ్లేడు చేరింది. ఆరోగ్యదృష్టితో ఇది తప్పనిసరి మార్పు. చర్మాన్ని బిగించడం, వాలు చూడడం, ఎక్కడ ఆపాలో తెలియడం అనే పాఠాలు ఈ మార్పు తరువాత కూడా మిగిలాయి. క్షేత్రాల్లో తలనీలాలు తీసే చేతుల్లో అవి నేటికీ సజీవంగా ఉన్నాయి. పోయినది మొదటి పాఠం: నూరడం. దానితోపాటు రాయి రకాలకు, తోలుపట్టీకి, వాదర స్థితులకు ఊరూరా ఉన్న మాటలు కూడా వాడుక తప్పుతున్నాయి.

వృత్తిపదాల సేకరణకు తెలుగులో గొప్ప ఒరవడి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి నిర్దేశకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వ్యవసాయపదాలతో, రెండవది 1971లో చేనేతపదాలతో వెలువడ్డాయి. అవి కేవలం పదాల పట్టికలు కావు. పనిచేసే చేతుల వద్దకు వెళ్లి, పని జరుగుతుండగా నమోదు చేసిన విజ్ఞానం. క్షురకవృత్తిని ఆ పద్ధతిలో పరిశీలించవలసిన సమయం ఇది. పాతకత్తిని రాయి మీద నూరి వాడిన చివరి తరం ఇప్పటికే వృద్ధాప్యంలో ఉంది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని అంశాలను నిర్ధారించవచ్చు. ఇతిహాసం క్షురకుడి నేర్పును ఎదుటివాడి సుఖంతో కొలిచింది. వైద్యశాస్త్రం పదునైన పనిముట్టును బతికున్న చర్మం దాకా రానివ్వడానికి అభ్యాసపు మెట్లు కట్టింది. పొది, అడపం అన్న పదాలు పదును పట్ల జాగ్రత్తను, చేరువ పట్ల నమ్మకాన్ని భద్రపరిచాయి. సామెత ఆ విద్యకు ఏళ్ల కాలం అవసరమని ఒప్పుకొంది. గొరిగించుకొను అన్న క్రియ అందులో ఇద్దరు మనుషులున్నారని గుర్తుంచుకొంది. ఈ ఆధారాలన్నిటినీ కలిపి చూస్తే, తెలుగునాట మంగలికత్తిని నేర్చుకోవడమంటే మరొకరి ముఖాన్ని తన బాధ్యతగా స్వీకరించడం నేర్చుకోవడమని అర్థమవుతుంది. ఆ బాధ్యత అందరి ముఖాలకూ సమానంగా దక్కకపోవడం ఆ చరిత్రలోని లోపం. దాన్ని కూడా ఆ చరిత్రలో భాగంగానే రాయాలి.

భద్రాచలంలో మొక్కు తీర్చుకొన్న యాత్రికుడు పర్ణశాలలో జటాధారి అయిన రాముడి బొమ్మ ముందు నిలిచినప్పుడు అతడి నున్నని తల మీద ఇంకా చందనపు తడి ఉంటుంది. ఆ తలపై ఒక్క గాటు కూడా లేకపోతే, దాని వెనుక ఎవరో ఒకరు ఎన్నో ఏళ్లు నేర్చిన చదువు ఉంది. ఆ చదువుకు ఇంకా పుస్తకం లేదు.